బండి పనిముట్లను పోల్చి కొనుట

నేడు మన విద్యార్థుల యిండ్లలో సైకిలో, స్కూటరో, మోటారు సైకిలో లేని యిల్లు అరుదు. కొన్ని వాకిండ్ల యందు కారును గలదు. బండి యున్నచోట మరమ్మతు తప్పదు. మరమ్మతు ఉన్నచోట పనిముట్టు తప్పదు. అయినను అనేక గృహములలో పనిముట్లనగా మంచము క్రింద నున్న యొక రేకు డబ్బాయే. అందులో మొన విరిగిన స్క్రూడ్రైవరు ఒకటి, దవడలు వదులైన స్క్రూ పానా యొకటి, త్రుప్పు పట్టిన కటింగు ప్లయరు ఒకటి యుండును. ఈ మూడింటితోనే సమస్త కార్యములును సాగుచుండును. బండిలోని బోల్టులను ఎక్కువగా పాడుచేయునవియు ఈ మూడే.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. పనిముట్టు మంచిదో చెడ్డదో దాని మెఱుగును బట్టి తెలియదు. పెట్టెలోని ముక్కల లెక్కను బట్టియు తెలియదు. అది బోల్టు తలమీద ఎట్లు కూర్చుండునో దానినిబట్టి తెలియును. సరిగా కూర్చుండు నాలుగు పనిముట్లు, కూర్చుండని నూటికంటె మేలు. అట్లేల యగునో, కొనునప్పుడు దానిని ఎట్లు కనుగొనవలెనో, విద్యార్థులకును తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు వివరింప యత్నింతుము.

సొంత పనిముట్లు ఏల?

“వీధి చివర మెకానిక్కు ఉండగా మాకు పనిముట్లెందుకండీ?” అని కొందఱు తండ్రులు అడుగుదురు. సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయమున ఒక సంగతి గలదు. ఇశ్రాయేలీయుల దేశమంతట కమ్మరి లేకపోవుటచేత, వారు తమ సేద్యపు పనిముట్లకు పదును పెట్టించుకొనుటకు సహితము ఫిలిష్తీయుల యొద్దకు పోవలసివచ్చెను. చేత పనిముట్టు లేనివాడు చిన్నపనికిని పరుల వాకిట నిలువవలెనని దీనివలన మనకు తెలియుచున్నది.

మెకానిక్కు మనకు పరాయివాడు కాడు. అతని విద్య మిక్కిలి గౌరవింపదగినది. అయినను గొలుసు బిగువు సరిచేయుట, వెనుక డ్రమ్ము బ్రేకును సర్దుట, స్పార్కు ప్లగ్గు తీసి తుడుచుట, గాలి వడపోసెడి ఫిల్టరును శుభ్రపరచుట, బ్యాటరీ తీగలను బిగించుట, అద్దమును హ్యాండిలును సరిచేయుట మొదలైన పనులు ఇంట చేసికొనదగినవే. వేకువను పాలకేంద్రమునకు పోవు తండ్రికిని, తెల్లవారకముందే ఆసుపత్రి పనికి పోవు తల్లికిని ఆ వేళ ఏ దుకాణమును తెఱచియుండదు గదా.

ఇందుకు ఒక హద్దును గలదు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమ్మబడు క్రొత్త బండ్లకు బి.ఎస్. 6 నియమములు వర్తించుచున్నవి. అందువలన పెక్కు పెట్రోలు బండ్లలో కార్బురేటరునకు బదులుగా ఇంధనమును చిమ్ము సాధనము అమర్చబడినది. దానిని, ఏ.బి.ఎస్. బ్రేకుల నూనె గొట్టములను, ఇంజను లోపలి భాగములను శిక్షణ పొందినవారికే విడువవలెను. తన పని ఏదో, కాని పని ఏదో ఎఱుగుట మంచి పనివాని మొదటి లక్షణము.

బోల్టు తలయు, పానా నోరును

స్పానరును మనవారు పానా యందురు గాన, ఆ పేరుతోనే చెప్పెదము. బోల్టు తల ఆరు భుజములు గల క్రమ షడ్భుజి. ఎదురెదురు భుజముల నడుమ 10 మిల్లీమీటర్లున్నచో, ఎదురెదురు మూలల నడుమ రమారమి 11.5 మిల్లీమీటర్లుండును. ఈ ఒకటిన్నర మిల్లీమీటరు తేడాయే పానాకు పట్టును ఇచ్చుచున్నది.

పానా నోరు 10.1 మిల్లీమీటర్లున్నదనుకొనుడు. అది బోల్టుమీద ఇంచుమించు ఒక డిగ్రీ మాత్రము ఊగి, అంతట పట్టుకొనును. నోరు 10.5 మిల్లీమీటర్లైనచో 5 డిగ్రీలకు పైగా ఊగును. 11 అయినచో 12 డిగ్రీలు ఊగిన పిమ్మటగాని పట్టదు. త్రికోణమితి నేర్చిన పదవ తరగతివారు ఈ లెక్కను తామే వేసి చూడవచ్చును. ఊగుడు హెచ్చిన కొలది పానా బోల్టు భుజమును విడిచి మూలమీద ఒత్తును. బలమంతయు రెండు మూలలమీద పడగా అవి నలిగి అరుగును. అట్లు రెండు మూడు మారులు జరుగగా తల గుండ్రనగును. గుండ్రనైన బోల్టును తీయుట ఎంత ప్రయాసమో తీసినవారికే తెలియును.

ఇది కేవలము లెక్కల ముచ్చట కాదు. మా విద్యార్థి యొకని తండ్రి ప్రతిదినము కూలీల లెక్క చూచుటకు పొరుగూరికి మోటారు సైకిలుమీద పోవువాడు. ఆయన బండి వెనుక చక్రపు నట్టును ఎన్నో మారులు స్క్రూ పానాతోనే విప్పి బిగించియుండిరి. ఒక రాత్రి త్రోవలో చక్రమునకు పంచరు పడెను. దారినపోవు లారీ డ్రైవరు ఒకడు దయతలచి తన పెట్టెలోని మంచి పానా తీసి యిచ్చెను. కాని నట్టు అప్పటికే గుండ్రనైనందున ఆ మంచి పానాయు జారిపోయెను. తండ్రియు కొడుకును నాలుగు మైళ్లు బండిని నడిపించుకొని ఇల్లు చేరిరి. తుదకు నట్టును ఉలితో చీల్చి తీయవలసివచ్చెను. చక్రపు నట్టు విషయమున ఇంకొక యపాయము గలదు: సరిగా విప్పలేనిది సరిగా బిగింపనును లేము. చక్రము, బ్రేకు, హ్యాండిలు—ఈ మూడు చోట్ల వదులైన నట్టు ప్రాణాపాయకరము.

అంకెల చిక్కు

పానామీద చెక్కిన 10, 12, 14 అను అంకెలు నోటి వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. బోల్టు కాడ లావును కాదు. కాడ 6 మిల్లీమీటర్లున్న బోల్టునకు సాధారణముగా 10వ నంబరు పానా వలయును. కాడ 8 అయినచో కొన్ని బండ్లలో 13, జపాను నమూనాల ననుసరించి చేసిన బండ్లలో 12 వలయును. కాడ 10 అయినచో జపాను పద్ధతిలో 14, తక్కిన పద్ధతులలో 16 గాని 17 గాని వలయును. కావున “ఎనిమిది బోల్టు” అని దుకాణములో అడిగినచో రెండర్థములు గలుగును. కాడను చెప్పుచున్నారో, తలను చెప్పుచున్నారో స్పష్టముగా చెప్పవలెను.

పాత బుల్లెటు బండ్లు గలవారికి ఇంకొక చిక్కు గలదు. ఇంగ్లండు దేశపు జోసెఫ్ విట్‌వర్తు 1841లో మర చుట్లకు ఒక సమాన కొలతను ప్రతిపాదించెను. అంతకుముందు ఒక్కొక్క కర్మాగారము తనకు తోచినట్లు చుట్లు కోయుచుండెను గనుక, అది గొప్ప సంస్కారమే. ఆ పద్ధతిలో చుట్టు కోణము 55 డిగ్రీలు. నేటి మిల్లీమీటరు పద్ధతిలో 60. విట్‌వర్తు పానామీద వ్రాయబడునది బోల్టు కాడ కొలతయేగాని నోటి కొలత కాదు. బ్రిటిషు నమూనాల పాత బండ్లలో అట్టి అంగుళపు కొలతలు నేటికిని కనబడును. వానికి మిల్లీమీటరు పానాలు “దాదాపుగా” సరిపోవును. ఈ దాదాపే బోల్టులకు మృత్యువు.

పానాల జాతులు

రెండు కొనలయందును తెఱచిన నోరుగల పానాను పక్కనుండి దూర్చవచ్చును గాన, ఇరుకు చోట పనికివచ్చును. కాని బోల్టును రెండు భుజములమీద మాత్రమే పట్టుకొనును. దాని నోరు కాడకు తిన్నగా నుండక 15 డిగ్రీలు వంకరగా నుండుట మీరు చూచియుందురు. అది తయారీలోని తప్పు కాదు. ఇరుకు చోట 30 డిగ్రీలు తిప్పి, పానాను బోర్లించి మరల తగిలించినచో అది క్రొత్త కోణమున పట్టుకొనును. అట్లు కొంచెము కొంచెముగా బోల్టును పూర్తిగా విప్పవచ్చును.

రింగు పానా బోల్టు తలను చుట్టుముట్టి పట్టుకొనును. ఆరు మూలలవద్దను బలము పంచబడును గనుక అది తఱచుగా జారదు. ముడిపడిన బోల్టును మొదట రింగుతో కదల్చి, పిమ్మట తెఱచిన నోటితో త్వరగా విప్పుట పనివారి పద్ధతి. రింగు లోపల ఆరు మూలలున్నవియు, పండ్రెండు మూలలున్నవియు గలవు. పండ్రెండు మూలలది ప్రతి 30 డిగ్రీలకు తగులును గాన ఇరుకు చోట సులభము. ఆరు మూలలది అరిగిన బోల్టును గట్టిగా పట్టును.

ఒక కొన రింగు, మరియొక కొన తెఱచిన నోరు, రెండును ఒకే కొలతగలది కాంబినేషను పానా. మన అంగళ్లలో సాధారణముగా దొరకు రెండు కొనల పానాల జత ఎనిమిది: 6–7, 8–9, 10–11, 12–13, 14–15, 16–17, 18–19, 20–22. ఇందులో ఒక్కొక్క కొలత ఒక్కటే యుండును. బోల్టు తల ఒక ప్రక్క, నట్టు మరొక ప్రక్క ఒకే కొలతలో నున్నప్పుడు ఒకదానిని పట్టుకొని మరొకదానిని తిప్పుటకు రెండు పనిముట్లు వలయును. కావున తెఱచిన నోటి జత ఒకటి, రింగు జత ఒకటి కొనుట మేలు. లేదా బండికి వలసిన కొలతలలో కాంబినేషను పానాలను విడివిడిగా కొనవలెను.

స్క్రూ పానాను పూర్తిగా నిందింపము. స్వీడను దేశస్థుడు యొహాన్ పెట్టర్ యొహాన్‌సన్ 1890ల ఆరంభమున దానిని నేటి రూపమునకు తెచ్చెను. కుళాయి పనికిని, తొందరలో నట్టును అదిమి పట్టుటకును అది మంచి సాధనము. కాని దాని దవడ కదలునది గనుక ఎంత బిగించినను కొంత వదులుండును. తప్పనిసరియై వాడినప్పుడు బలము కదలని దవడమీద పడునట్లు తిప్పవలెను. ప్లయరు తీగను వంచుటకును, కత్తిరించుటకును, పట్టుకొనుటకును మాత్రమే. దానితో నట్టును తిప్పుట దంతములతో మేకు పీకుటవంటిది.

సాకెట్టు పెట్టెలు

దుకాణములో విద్యార్థుల కన్నులు మొదట పోవునది నూటికి పైబడిన ముక్కలతో మెఱయుచుండు సాకెట్టు పెట్టె మీదికే. అందు ముఖ్యముగా చూడవలసినవి రెండు. మొదటిది, పిడికి సాకెట్టు తగులు చదరపు మొన కొలత. అది పావు అంగుళము, మూడెనిమిదుల అంగుళము, అర అంగుళము అని మూడు విధములుగా దొరకును. చిన్న బోల్టులకు పావు, మోటారు సైకిలులోని మధ్యరకపు బోల్టులకు మూడెనిమిదులు, చక్రపు నట్లకును కారు పనికిని అర అంగుళము తగినవి. రెండవది, టకటక శబ్దముతో ఒక దిక్కుకే తిప్పు రాచెట్టు పిడి. దానిలో 24 పండ్లున్నచో ప్రతి పట్టుకు 15 డిగ్రీలు కదలవలెను. 72 పండ్లున్నచో 5 డిగ్రీలు చాలును. ఇరుకు చోట రెండవది సులభము. అయినను ముడిపడిన బోల్టును రాచెట్టుతో బలవంతము చేయరాదు. చిన్న పండ్లు విరుగును. అట్టిచోట రాచెట్టు లేని నిలువు పిడి వాడవలెను.

వెలను పోల్చునప్పుడు అనేకులు పెట్టె వెలను ముక్కల లెక్కతో భాగించి, ఒక్కొక్కటి ఎంత చౌకయో యని సంతోషింతురు. అట్లు భాగింపకుడు. మీరు నిజముగా వాడు ముక్కల లెక్కతో భాగింపుడు. నూరు ముక్కలలో మీ బండికి వలసినవి పండ్రెండే యైనచో, ఆ పండ్రెండింటికే మీరు పూర్తి వెల చెల్లించుచున్నారు. అదే వెలకు పండ్రెండు మేలైనవి విడిగా దొరకవచ్చును.

స్క్రూడ్రైవరు

నాలుగు గాళ్ల స్క్రూలన్నియు ఒకటే యని అనేకుల తలంపు. అది నిజము కాదు. అమెరికాలో హెన్రీ ఫిలిప్సు 1936లో పేటెంటు పొందిన ఫిలిప్సు తల ఒక రకము. జపాను కొలతల నాలుగు గాళ్ల తల ఇంకొక రకము. రెండును చూపునకు ఒకటిగా నుండును. కాని జపాను తలలో ఫిలిప్సు మొన అడుగుదాక దిగదు. తిప్పగా పైకి లేచి గాళ్లను చెక్కివేయును. జపాను నమూనాల మోటారు సైకిళ్లలో ఇంజను ప్రక్క మూతల స్క్రూలు పాడగుటకు ఇదియొక ముఖ్య కారణము. మొనను స్క్రూలో నిలిపి చేయి వదలినప్పుడు అది ఊగక నిలుచునేని సరిపోయినట్లు. సాధారణముగా 2వ నంబరు మొన ఎక్కువ పనికివచ్చును. సన్నని స్క్రూలకు 1వ నంబరు, పెద్ద స్క్రూలకు 3వ నంబరు వలయును. తిప్పు బలముకంటె అదుము బలము ఎక్కువగా నుండవలెననునది స్క్రూడ్రైవరు విషయమున మొదటి పాఠము.

ఉక్కును గూర్చి

మంచి పానాను ఎఱ్ఱగా కాచిన ఉక్కును అచ్చుల నడుమ సమ్మెట దెబ్బతో తీర్చి, పిమ్మట కాచి చల్లార్చి తగిన గట్టిదనము కలిగింతురు. మిక్కిలి మెత్తనైనచో నోరు తెఱచుకొనును. మిక్కిలి గట్టిదైనచో పెళుసై విరిగి చేతిని గాయపరచును. క్రోము, వనేడియము కలిపిన ఉక్కు ఈ రెండు గుణములకు నడుమ నుండును గాన పానాలకు ప్రసిద్ధి. గాలి యంత్రముతో దెబ్బలు కొట్టి తిప్పు నల్లని సాకెట్టులకు క్రోము, మాలిబ్డినము కలిపిన ఉక్కు వాడుదురు. మామూలు మెఱుగు సాకెట్టులను అట్టి యంత్రమునకు తగిలింపరాదు. అవి పగిలి ముక్కలు ఎగురవచ్చును.

పైనున్న మెఱుగు త్రుప్పును ఆపుటకేగాని బలమునకు కాదు. “క్రోము వనేడియము” అను ముద్రను ఎవడైనను కొట్టవచ్చును గనుక అదొక్కటే సాక్ష్యము కాదు. మన దేశమున తెఱచిన నోటి పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు ఐ.ఎస్. 2029 అను ప్రమాణములు గలవు. వీనిని వెలువరించు సంస్థ 1947లో ఏర్పడి, 1987 నుండి భారతీయ మానక బ్యూరో అను పేర పనిచేయుచున్నది. చేసినవాని పేరు, కొలత, ప్రమాణపు అంకె స్పష్టముగా నున్న పనిముట్టునకు అడుగువాడు ఒకడుండును. పేరు లేని పనిముట్టునకు ఎవడును బాధ్యుడు కాడు. పంజాబులోని జలంధరు, లూధియానా, రాజస్థానులోని నాగౌరు చేతి పనిముట్ల తయారీకి పేరుపొందిన పట్టణములు. మంచి పనిముట్టునకై పరదేశపు వస్తువునే కొనవలెనను నియమము లేదు.

పిడి పొడవునందలి రహస్యము

భౌతికశాస్త్రమున బలభ్రామకము చదివినవారు దీనిని సులభముగా గ్రహింతురు. బలమును, పొడవును గుణించినదే తిప్పుడు శక్తి; దానిని న్యూటను మీటర్లలో చెప్పుదురు. కాడ 6 మిల్లీమీటర్లున్న సాధారణపు గట్టి బోల్టునకు సుమారు 10, కాడ 8 అయినచో సుమారు 25 చాలును. 15 సెంటీమీటర్ల పొడవుగల పానా కొనను 7 కిలోల బరువంత బలముతో లాగినచో ఇంచుమించు 10 న్యూటను మీటర్లు కలుగును. చిన్న పానాలు పొట్టిగా నుండుట ఇనుము మిగుల్చుటకు కాదు. చేతిబలము హద్దు మీరకుండుటకే. ఆ పానాకు గొట్టము తొడిగి 45 సెంటీమీటర్లు చేసినచో, అదే బలముతో తిప్పుడు శక్తి మూడింతలగును. అప్పుడు బోల్టు తెగును. లేదా అల్యూమినియపు ఇంజనులోని చుట్టు ఊడివచ్చును. ఎంత బిగింపవలెనో బండితో వచ్చు పుస్తకమున వ్రాసియుండును. ఆ లెక్క చూపు టార్కు పానా వెలగలది. నలుగురు పొరుగువారు కలసి ఒకటి కొని జాగ్రత్తగా వాడుకొనవచ్చును.

దుకాణములో చేయవలసిన పరీక్షలు

సికిందరాబాదు రాణీగంజులోగాని, విజయవాడ ఆటోనగరులోగాని, మీ ఊరి ఇనుప సామానుల అంగడిలోగాని కొనునప్పుడు జేబులో 10, 12, 14 కొలతల క్రొత్త బోల్టులు మూడు వేసికొని పొండు. పానాను బోల్టునకు తగిలించి ప్రక్కలకు ఊపి చూడుడు. ఒకే కొలతగల రెండు మూడు రకములను ఇట్లు పోల్చినచో తేడా వ్రేళ్లకే తెలియును. వెర్నియరు కొలబద్ద యున్నచో 10వ నంబరు నోరు 10 మిల్లీమీటర్లకు కొంచెము మించియు, 10.2 దాటకయు ఉండవలెను. దవడలు రెండును సమాంతరముగా నున్నవా యని వెలుతురునకు ఎత్తి చూడుడు. అంచులలో పగులుగాని, పైపూత పొక్కులుగాని ఉన్నచో విడువుడు. ప్లయరును మూసి చూచినప్పుడు మొనలు కలియవలెను, కీలు ప్రక్కలకు కదలరాదు. సుత్తి తల పిడిమీద గట్టిగా నున్నదా చూడుడు. ఊడిన సుత్తి తల తుపాకిగుండువంటిది. ఇంటికి తెప్పించుకొనువారు, తిరిగి ఇచ్చు వీలున్నదో లేదో ముందే చూచి, వచ్చిన దినముననే అవే బోల్టులతో పరీక్షింపవలెను. బిల్లు తప్పక తీసికొనుడు.

హైదరాబాదు ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతవంటి చోట్ల పాత పనిముట్లును దొరకును. పై త్రుప్పును చూచి భయపడనక్కరలేదు; నోరు తెఱచుకొనని పాత పానా, క్రొత్త నాసిరకముకంటె మేలు. కాని దానిని అమ్మువాని దారిద్ర్యమును ఆసరా చేసికొని గాని, అది దొంగసొత్తని అనుమానము కలిగియు గాని కొనరాదు. చౌకయను మాట మనస్సాక్షికంటె పెద్దది కాదు.

మొదట ఏవి కొనవలెను?

ఒకేసారి పెట్టె నింపవలదు. మోటారు సైకిలు గల కుటుంబము మొదట ఈ క్రిందివానిని సమకూర్చుకొనవచ్చును: 8, 10, 12, 13, 14, 17 కొలతలలో కాంబినేషను పానాలు, తమ బండి చక్రపు నట్టులకు సరిపోవు పానాలు, రెండు ప్రక్కలకును, ప్లగ్గు పానా (16 గాని, 18 గాని, 21 గాని, బండిని బట్టి), 4, 5, 6 కొలతల ఆలెన్ కీలు, 1, 2 నంబర్ల నాలుగు గాళ్ల స్క్రూడ్రైవర్లు, సాదా మొనది ఒకటి, ప్లయరు ఒకటి, గాలి ఒత్తిడిని కొలుచు గేజి ఒకటి. తమ బండిలో లేని కొలతను తగ్గించుకొని, ఉన్నదానిని చేర్చుకొనవలెను. రెండవ యేట ఫీలరు గేజి, రబ్బరు సుత్తి, మూడెనిమిదుల సాకెట్టులు కొనవచ్చును. ఏడాదికొకసారి వలసిన గుంజుడు సాధనములను కొనుటకంటె అడిగి తెచ్చుకొనుట మేలు.

వాడుక, భద్రము

పానాను నెట్టక తమవైపునకు లాగవలెను. జారినను వ్రేళ్లు ఇనుమునకు కొట్టుకొనవు. నెట్టుట తప్పనప్పుడు పిడికిలి విప్పి అరచేతితో నెట్టవలెను. ముడిపడిన బోల్టునకు చొరబడు నూనె పోసి కొంతసేపు వేచియుండుడు. ఓర్పుకూడ ఒక పనిముట్టే. సైకిలు ఎడమ పెడలునకు చుట్టు ఎదురుగా నుండునని మఱువకుడు. బ్యాటరీ విప్పునప్పుడు ముందు రుణధ్రువపు తీగను, బిగించునప్పుడు చివరను దానిని పట్టవలెను. లేనిచో పానా చట్రమునకు తగిలి నిప్పు లేచును. జాకీ యొక్కటే ఆధారముగా నున్న కారు క్రిందికి ఎన్నడును దూరవలదు. క్రింద స్టాండ్లు నిలిపియే దూరవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. ఉలి, సుత్తి వాడునప్పుడు కన్నులకు అద్దములు పెట్టుకొనవలెను. చిన్న పిల్లలు పెద్దవారి యెదుటనే పని నేర్వవలెను.

పని ముగిసిన పిమ్మట పనిముట్లను గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాచి, లెక్కించి పెట్టెలో పెట్టుడు. లెక్క తక్కువైనచో అది బండిలోనే మిగిలినదేమో వెదకుడు. చక్రము నడుమ మఱచిన పానా చక్రముతోపాటు తిరుగును. ఎరవు తెచ్చిన పనిముట్టును తెచ్చిననాటికంటె శుభ్రముగా తిరిగి ఇయ్యుడు. రాజుల రెండవ గ్రంథము 6వ అధ్యాయమున యొర్దానులో గొడ్డలి పడిపోయినప్పుడు, దానిని చేత పట్టినవాడు అది ఎరవు తెచ్చినదని దుఃఖించెను. ఎలీషా ప్రవక్త ఆ దుఃఖమును చిన్నదిగా ఎంచలేదు. గొడ్డలి మరల వానిచేతికి వచ్చెను.

వేసవి సెలవులు సమీపించుచున్నవి. విద్యార్థులారా, మీ యింటి రేకు డబ్బాను వెలికి తీసి, అందలి ప్రతి పనిముట్టును ఒక క్రొత్త బోల్టుమీద పెట్టి చూడుడు. ఊగునవి ఏవో, నిలుచునవి ఏవో వేఱుచేసి, మీ బండికి నిజముగా వలసిన కొలతల పట్టికను బండి ప్రక్కనే కూర్చుండి వ్రాయుడు. ఆ పట్టిక చేతనున్నచో మీ నాన్నగారు అంగడికి పోయినప్పుడు, అమ్మువాని మాటకు గాక మీ లెక్కకు వెల చెల్లింతురు.